లాయరును పెట్టుకునే ముందే ఫీజు లెక్క కాగితం మీద తీసుకోండి

"3,000 డాలర్లలో అయిపోతుందని లాయరు నోటితో చెప్పారు. ఇప్పుడు 11,000కి బిల్లు పంపారు. కట్టకపోతే నా పీఆర్‌కి ఏమైనా అడ్డం వస్తుందా?"

సిడ్నీకో మెల్‌బోర్న్‌కో కొత్తగా వచ్చినవాళ్లు ఈ ప్రశ్నను ఏదో ఒక రూపంలో అడుగుతూనే ఉంటారు. ఒకరిది విడాకుల వ్యవహారం, ఇంకొకరిది ఉద్యోగంలోంచి తీసేసిన గొడవ, మరొకరిది బిల్డర్‌తో తగాదా. టెన్షన్ మాత్రం అందరిదీ ఒకటే. ముందు వీసా భయం పక్కన పెట్టండి. లాయరు ఫీజు గురించి నిలదీసి అడగడం, అవసరమైతే ఫిర్యాదు చేయడం మీకూ ఆ ఆఫీసుకూ మధ్య ఉండే సివిల్ వ్యవహారం. దానికోసం మీ వీసా ఎవరూ తీసేయరు. కాకపోతే ఆ బిల్లు విషయంలో కోర్టు నుంచి కాగితాలు వస్తే మాత్రం తెరవకుండా పక్కన పడేయకండి.

న్యూ సౌత్ వేల్స్, విక్టోరియాల్లో 2015 జూలై 1 నుంచి, వెస్టర్న్ ఆస్ట్రేలియాలో 2022 జూలై 1 నుంచి లాయర్ల పనికి సంబంధించిన లీగల్ ప్రొఫెషన్ యూనిఫామ్ లా అనే ఉమ్మడి చట్టం అమల్లో ఉంది. మీరు పని అప్పగించినప్పుడే, లేదంటే ఆ తర్వాత వీలైనంత త్వరగా, లాయరు మీకు రెండు సంగతులు రాసి ఇవ్వాలని ఆ చట్టం 174వ సెక్షన్ చెబుతోంది. ఒకటి, ఫీజు ఏ లెక్కన వేస్తారు. రెండు, మొత్తం ఎంతవుతుందని అంచనా. జీఎస్‌టీ, బయటి ఖర్చులు (కోర్టు ఫైలింగ్, రిపోర్టుల లాంటివి) కాకుండా ఫీజు 750 డాలర్లు దాటని పనికి ఇది తప్పనిసరి కాదు. 3,000 లోపు పనికి ఒక చిన్న ప్రామాణిక ఫారం ఇస్తే సరిపోతుంది. క్వీన్స్‌లాండ్ లాంటి మిగతా రాష్ట్రాలకు వాటి చట్టాలు వాటికున్నాయి. గడువులు, అంకెలు మారతాయి కాబట్టి అక్కడున్నవాళ్లు తమ రాష్ట్రం నియమాలు చూసుకోవాలి.

గంటకు 400 డాలర్లు అని చెప్పి ఊరుకుంటే అది అంచనా కాదు. ఎన్ని గంటలు పడుతుందో తెలియనప్పుడు ఆ అంకెతో మీరేం లెక్క వేసుకుంటారు? ఇక్కడ చాలా ఆఫీసులు గంటను ఆరేసి నిమిషాల యూనిట్లుగా లెక్కపెడతాయి. రెండు నిమిషాలు ఫోన్లో మాట్లాడినా ఒక యూనిట్ పడుతుంది. గంటకు 400 అయితే యూనిట్‌కు 40, జీఎస్‌టీతో 44.

నాకు తెలిసిన కుర్రాడొకడు బిల్లు పట్టుకొచ్చి, "అన్నా, కేసు ఇంకా కోర్టు గడప కూడా తొక్కలేదు, ఇంత ఎలా అయింది?" అన్నాడు. ఇద్దరం కూర్చుని వరసగా చదివాం. 'క్లయింట్ ఈమెయిల్ చదవడం, 1 యూనిట్.' 'జవాబు, 2 యూనిట్లు.' మళ్లీ 'క్లయింట్ ఈమెయిల్ చదవడం, 1 యూనిట్.' ఒకే సాయంత్రం గుర్తొచ్చిన డాక్యుమెంటునల్లా విడివిడిగా మెయిల్ చేశాడు పాపం. అతన్ని ఎవరూ మోసం చేయలేదు. కానీ లెక్క ఇలా పడుతుందని మొదటి రోజే ఎవరైనా విడమరిచి చెప్పి ఉంటే అన్నీ కలిపి ఒకే మెయిల్‌లో పంపేవాడు.

అలా విడమరిచి చెప్పడం లాయరు మీకు చేసే ఉపకారం కాదు, వాళ్ల బాధ్యత. పని ఎలా సాగబోతోందో, ఎంత ఖర్చవుతుందో మీకు అర్థమైందా, మీరు ఒప్పుకున్నారా అన్నది వాళ్లు తగినంత శ్రద్ధతో నిర్ధారించుకోవాలని అదే 174వ సెక్షన్ చెబుతోంది. కాబట్టి ఆ కాగితంలో ఏ వాక్యం అర్థం కాకపోయినా "మళ్లీ చెప్పండి" అనడానికి సిగ్గుపడకండి. అంచనాలో బారిస్టర్ (కోర్టులో వాదించే లాయరు) ఫీజు ఉందా? కోర్టు ఫైలింగ్ ఫీజు, నిపుణుల రిపోర్టు ఖర్చు కలిపారా? ఫైలు చూసేది సీనియరా, జూనియరా, ఎవరి గంట రేటు ఎంత? అప్పుడే అడగండి. ఊళ్లోంచి వచ్చిన తల్లిదండ్రులకు సంబంధించిన వ్యవహారమైతే పిల్లలు పైపైన అనువాదం చేసి సంతకం పెట్టించకూడదు. టిస్ నేషనల్ అనే ప్రభుత్వ ఫోన్ అనువాద సర్వీసులో తెలుగు ఇంటర్‌ప్రెటర్లు దొరుకుతారు. అయితే ఆ ఖర్చు ఎవరు భరించాలో ముందే తేల్చుకోండి.

అంచనా ఒకసారి ఇచ్చేస్తే బాధ్యత తీరిపోదు. చాలామందికి తెలియనిది ఇదే. కేసు పెరిగి ఖర్చు గణనీయంగా మారే పరిస్థితి వస్తే ఆ మార్పును మళ్లీ రాసి తెలియజేయాలి. 3,000 అన్నది 11,000 అయిందంటే మధ్యలో ఎప్పుడో ఒక ఉత్తరం మీకు రావాలి. అది వచ్చిందా లేదా అన్నదే ఆ గొడవకు కీలకం. రాజీ కుదుర్చుకునే ముందు కూడా అంతే. రాజీపడితే మీ లాయరుకు మీరు ఎంత కట్టాల్సి వస్తుందో, అవతలివాళ్లు అందులో ఎంత భరిస్తారో చెప్పాకే మీ నిర్ణయం అడగాలి.

మనవాళ్లకు అడ్డొచ్చేది ఎక్కువగా మొహమాటం. "మన తెలుగాయనే కదా, డబ్బు సంగతి కాగితం మీద పెట్టమంటే ఏమనుకుంటారో" అని ఆగిపోతారు. మంచి లాయరు ఎవరూ ఏమీ అనుకోరు. పైగా కాస్ట్స్ అగ్రిమెంట్ (ఫీజు ఒప్పందం) మెయిల్‌లో వచ్చాక సంతకం చేయకుండా పనులు చెప్పుకుంటూ పోతే, మీ ప్రవర్తనను బట్టే ఒప్పుకున్నట్టు లెక్క కావచ్చు. చదవకుండా వదిలేయడం మీకే నష్టం.

'నో విన్ నో ఫీ' (గెలవకపోతే ఫీజు లేదు) అన్న మాట విని చాలామంది నిశ్చింతగా ఉండిపోతారు. ఓడిపోతే మీ లాయరు ఫీజు ఉండకపోవచ్చు గానీ, అవతలి పక్షం ఖర్చులు కట్టమని కోర్టు మిమ్మల్ని ఆదేశించవచ్చు. రిపోర్టులు, ఫైలింగ్ లాంటి బయటి ఖర్చులు మీ నెత్తిన పడతాయా అన్నది అగ్రిమెంట్‌లోనే ఉంటుంది. గెలిస్తే అదనపు ఫీజు అడిగే ఒప్పందాలుంటాయి. కోర్టు వ్యాజ్యాల్లో ఆ అదనం, బయటి ఖర్చులు కాకుండా ఉన్న ఫీజు మీద 25 శాతం మించకూడదు. "వచ్చిన పరిహారంలో ఇంత శాతం నాది" అనే బేరం, విక్టోరియాలో చాలామంది కలిసి వేసే క్లాస్ యాక్షన్‌ల సంగతి పక్కన పెడితే, చట్టం ఒప్పుకోదు. ఎవరైనా అలా అంటే లేచి వచ్చేయండి.

బిల్లు వచ్చాక ఏం చేయాలి? మొత్తం ఒకే అంకెగా ఉంటే, ఫీజు చెల్లించాల్సిన తేదీ నుంచి 30 రోజుల లోపు వివరాల బిల్లు అడగండి. 21 రోజుల్లో ఇవ్వాలి, అది తయారు చేసినందుకు డబ్బు తీసుకోకూడదు. తర్వాత ముందుగా ఆ ఆఫీసుతోనే మెయిల్‌లో మాట్లాడండి. తేలకపోతే న్యూ సౌత్ వేల్స్‌లో ఆఫీస్ ఆఫ్ ద లీగల్ సర్వీసెస్ కమిషనర్, విక్టోరియాలో విక్టోరియన్ లీగల్ సర్వీసెస్ బోర్డ్ అండ్ కమిషనర్ దగ్గర ఫిర్యాదు చేయవచ్చు. ఫీజు చెల్లించాల్సిన తేదీ నుంచి మామూలుగా 60 రోజులే గడువు, అందుకని నాన్చకండి. మొత్తం పెద్దదైతే కాస్ట్స్ అసెస్‌మెంట్ (ఫీజు న్యాయమైనదా అని అధికారికంగా లెక్క తేల్చడం) అనే వేరే దారి ఉంది, దానికి బిల్లు ఇచ్చినప్పటి నుంచి 12 నెలలు.

రాతపూర్వకంగా చెప్పాల్సింది చెప్పకపోతే 178వ సెక్షన్ ప్రకారం ఆ అగ్రిమెంట్ చెల్లదు. న్యాయమైన ఫీజు ఎంతో అసెస్‌మెంట్‌లోనో కమిషనర్ దగ్గరో తేలేదాకా మీరు కట్టనక్కర్లేదు, వసూలు కోసం వాళ్లు కోర్టుకు వెళ్లకూడదు. అయితే ఫీజంతా మాఫీ అయిపోయినట్టు కాదు. తేలిన మొత్తం కట్టాల్సిందే.

అసలు లాయరును పెట్టుకునే స్తోమతే లేదంటారా? న్యూ సౌత్ వేల్స్‌లో లీగల్ ఎయిడ్, విక్టోరియాలో విక్టోరియా లీగల్ ఎయిడ్, చాలా ప్రాంతాల్లో కమ్యూనిటీ లీగల్ సెంటర్లు ఉన్నాయి. వాటిలో చాలావాటి దగ్గర మొదటి సలహా ఉచితం. ప్రైవేటు ఆఫీసుకు అడ్వాన్స్ పంపే ముందు వాళ్లకు ఒక ఫోన్ చేయండి.