చెరువు ఎండగట్టినా డెవిల్ ఫిష్ మళ్లీ ఎందుకు వస్తోంది?

నీళ్లు తీసేసినా మళ్లీ వస్తోందంటే, అది చాలావరకు గట్టు బొరియల్లోనే దాక్కుని ఉంటుంది. ఈ దక్షిణ అమెరికా చేప (సక్కర్ క్యాట్‌ఫిష్) గాలి మింగి పొట్టతో పీల్చుకుంటుంది. తడి ఉంటే బయట కూడా గంటల తరబడి బతుకుతుంది. గుడ్లూ బొరియలోనే, మగచేప కాపలాలో.

1. నీళ్లు తీసిన రోజే గట్టు చుట్టూ నడవండి. చాలామంది వదిలేసేది ఇదే. ప్రతి బొరియనూ చివరిదాకా తవ్వండి, కొన్ని మీటరు లోతు కూడా ఉంటాయి. చేపలు, గుడ్లు తీశాకే మట్టి కొట్టి బిగించండి. చెయ్యి మాత్రం పెట్టకండి, రెక్కల ముళ్లు గట్టివి.

2. పట్టినవాటిని గట్టు మీద వదిలేస్తే జారుకుంటూ నీళ్లలోకి వెళ్తాయి. కాలవలో అసలే వేయకండి, పక్క రైతుకూ ఇదే టెన్షన్. దూరంగా గొయ్యి తీసి పూడ్చండి.

3. కొత్త నీరు పెట్టేముందు తూముకు సన్నకన్ను వల కట్టండి.