‘వద్దు’ అనే బటన్ ఎక్కడుంది?

ఫోను, టీవీ, ఇంటర్నెట్‌లలో రోజూ బాగా చిరాకు తెప్పించే చిన్న విషయం ఏమిటని మీరు అడిగారు. చాలామంది నెట్ వేగం గురించో, బ్యాటరీ గురించో రాస్తారు. నాకు వాటితో పెద్ద గొడవ లేదు. నా చిరాకంతా ఒక్కదాని మీదే. ఏ తెర చూసినా నాకు రెండే దారులు చూపిస్తుంది: ‘సరే’, ‘తర్వాత’. ‘వద్దు’ అని చెప్పే చోటు ఎక్కడా కనిపించదు.

సాయంత్రం వీధిలోకి వచ్చే కూరగాయల బండి దగ్గర నా పరిస్థితి చూడండి. పావుకిలో పచ్చిమిరపకాయలు, రెండు కట్టలు తోటకూర తూకం వేయించుకుని డబ్బు పంపుదామని ఫోను తీస్తాను. నా వెనక ఇద్దరు నిలబడి ఉంటారు. నేను కోడ్ స్కాన్ చేసేలోపే ‘మీకు మూడు లక్షల రుణం సిద్ధంగా ఉంది’ అని తెర అడ్డం వస్తుంది. దాన్ని మూసే గుర్తు మూలన, చీమ తలకాయంత. అది తప్పించుకుంటే బీమా. అదీ తప్పించుకుని డబ్బు పంపాక ఒక స్క్రాచ్ కార్డు. ‘పడిందా మేడమ్?’ అని బండి అబ్బాయి అడుగుతూనే ఉంటాడు. పచ్చిమిరపకాయలకు బేరమాడే మనిషికి నిలబడ్డ పళాన మూడు లక్షల అప్పు ఎందుకనుకున్నారో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

పెళ్లి భోజనంలో విస్తరి మీద చేయి అడ్డం పెడితే వడ్డించేవాళ్లు పక్క విస్తరికి వెళ్లిపోతారు. ఈ తెరలకు ఆ మాత్రం మర్యాద కూడా లేదు.

నేను ఆడిటర్ ఆఫీసులో పనిచేస్తాను. నియమ నిబంధనలు చదవడం ఉద్యోగం వల్ల అబ్బిన అలవాటు. అందుకని ఇది నా ఒక్కదాని చాదస్తమా, లేక ఎవరైనా పట్టించుకున్నారా అని వెతికాను. పట్టించుకున్నారు. ఇలాంటి ఎత్తులకు హ్యారీ బ్రిగ్నల్ అనే డిజైనర్ 2010లోనే ‘డార్క్ ప్యాటర్న్స్’ అని పేరు పెట్టాడు. మన దేశంలో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరు 30న వీటిని నిషేధిస్తూ మార్గదర్శకాలు ఇచ్చింది. అందులో 13 రకాలు వివరించారు. అడగని వస్తువును బుట్టలో వేయడం, లేని తొందర పెట్టడం, చేరడం తేలికగా ఉంచి బయటపడటం కష్టం చేయడం వంటివన్నీ ఉన్నాయి. విమానం టికెట్ కొనేటప్పుడు బీమా వద్దనుకుంటే ‘నేను రక్షణ లేకుండానే ఉంటాను’ అన్న మాట మీద నొక్కించడాన్ని ఉదాహరణగా చూపించారు. నా చిరాకు కూడా ఆ జాబితాలో ఉంది. నోటిఫికేషన్లు ఆన్ చేయమని పదేపదే అడుగుతూ, కాదనే వీలు లేకుండా చేయడం కూడా తప్పేనని రాశారు. చదివినప్పుడు ప్రాణం లేచి వచ్చింది. ఆ రోజు సాయంత్రం కూరల బండి దగ్గర మళ్లీ అదే తెర వచ్చిందనుకోండి, అది వేరే సంగతి.

టీవీ సంగతికి వద్దాం. మా మావయ్యగారికి రాత్రి వార్తలు చూడనిదే ముద్ద దిగదు. నేను వడ్డిస్తూ అటు ఓ చెవి వేస్తాను. తెరకు ఎడమవైపు ఒక ప్రకటన, కింద ఇంకో ప్రకటన, దాని కింద పరుగెత్తే అక్షరాలు, పైన ఎర్రటి పట్టీ. వార్తలు చదివే అమ్మాయికి మిగిలేది మధ్యలో కాస్త చోటు. కేబుల్ టెలివిజన్ నెట్‌వర్క్స్ నిబంధనలు 1994లో వచ్చాయి. వాటి ప్రకారం గంటకు 12 నిమిషాలకు మించి ప్రకటనలు ఉండకూడదు. అందులో 10 నిమిషాలు వ్యాపార ప్రకటనలకు, 2 నిమిషాలు సొంత కార్యక్రమాల ప్రచారానికి. వార్త నడుస్తుండగానే పక్కన మోకాళ్ల నొప్పుల నూనె సీసా వచ్చి నిలబడితే ఆ నిమిషాన్ని ఏ ఖాతాలో రాయాలో లెక్కలు చూసే నాకే తెలియడం లేదు. ఇక చర్చలు. నాలుగు గళ్లలో నలుగురు, వాళ్లను కసురుకునే ఐదో మనిషి. ఎవరి మాటా పూర్తికాదు. విరామం వచ్చాక ప్రకటన మాత్రం మొదటి నుంచి చివరి దాకా పూర్తవుతుంది.

మావయ్యగారు అప్పుడప్పుడు దూరదర్శన్ కాలాన్ని తలుచుకుంటారు. హైదరాబాద్ కేంద్రం 1977లో మొదలైంది. నాకు గుర్తున్నంతలో ప్రసారం ఆగినప్పుడల్లా ‘అంతరాయానికి చింతిస్తున్నాము’ అని ఒక బోర్డు పెట్టేవారు. అది చూసి మేమంతా విసుక్కునేవాళ్లం, వెక్కిరించేవాళ్లం. ఇప్పుడు ఆలోచిస్తే, మధ్యలో అడ్డొచ్చినందుకు నన్ను మన్నించమన్న చివరి తెర అదేనేమో! అలాగని ఆ రోజులు మళ్లీ రావాలని నేను కోరుకోను. యాంటెనా తిప్పడానికి మేడ ఎక్కి ‘వచ్చిందా? పోయిందా?’ అని అరిచిన పిల్లల్లో నేనూ ఉన్నాను. వారానికి ఒక్క సినిమా, అదీ కరెంటు ఉంటేనే. అప్పుడు అంతరాయం పొరపాటున వచ్చేది, ఇప్పుడు దాన్నే అమ్ముకుంటున్నారు. నా అభ్యంతరం అంతవరకే.

ఇంకో విచిత్రం గమనించారా? ఇంటర్నెట్‌లో సినిమాలు, సీరియళ్లు చూపించే యాప్‌లలో మనం దాటేయగలిగింది ఒక్కటే: మొదట్లో వచ్చే పేర్లు. చివర్లో కూడా అంతే. కథ ముగిసీ ముగియగానే తర్వాతి భాగం కొన్ని సెకన్లలో మొదలవుతుందంటూ లెక్క మొదలవుతుంది. సంగీతం ఎవరు చేశారో చూద్దామంటే రిమోట్ కోసం తడుముకోవాలి. పనిచేసినవాళ్ల పేర్లను దాటేయడానికి ఇంత పెద్ద బటన్ ఇచ్చారు. ప్రకటన దగ్గరకు వచ్చేసరికి ఆ బటన్ మాయం. చందా కట్టినా ప్రకటనలు వస్తున్నాయేమని అడిగితే, అవి లేకుండా చూడాలంటే దాని పైన ఇంకో చందా ఉందంటున్నారు.

అన్ని అడ్డంకులూ నాకు పడవని కాదు. థియేటర్‌లో సినిమాకు ముందు వచ్చే పొగాకు హెచ్చరిక చూడండి. ‘ఈ నగరానికి ఏమైంది’ అని ఆ గంభీరమైన గొంతు మొదలుపెట్టగానే హాలంతా గొంతు కలిపేది. 2018లో ఒక తెలుగు సినిమాకు ఆ మాటలే పేరయ్యాయి. జనం తమంతట తాము ఇష్టపడి సొంతం చేసుకున్న ప్రకటన నాకు తెలిసి అదొక్కటే.

అదే మంచి మాటను ఫోనులో పెడితే మరోలా ఉంటుంది. 2020 మార్చిలో ఎవరికి ఫోను చేసినా ముందు దగ్గు వినిపించేది, గుర్తుందా? మొదటి వారం జాగ్రత్త చెప్పారు, మంచిదే అనుకున్నాం. నెలలు గడిచాక ఆ జాగ్రత్తల మాటలు వింటే కరోనా గుర్తుకు రాలేదు, విసుగు మాత్రమే వచ్చింది. 2024 చివర్లో సైబర్ మోసాల హెచ్చరిక వచ్చింది. అదీ అవసరమైనదే. మోసపోతే 1930కి ఫోను చేయాలన్న సంగతి అందరికీ తెలియాల్సిందే. కానీ మా అత్తగారికి ఆయాసం ఎక్కువై డాక్టరుకు ఫోను చేస్తే, ముందుగా ఆ హెచ్చరిక మొత్తం విని ఆ తర్వాత గంట మోగడం కోసం నిలబడ్డాను. అత్యవసరంలో ఉన్న మనిషికి దాన్ని దాటే దారి మొదటి క్షణంలోనే చెప్పాలి.

ఇక రాజకీయం. 2024 మేలో ఆంధ్రప్రదేశ్‌లో ఎన్నికలప్పుడు తెనాలిలో మా అమ్మ ఫోను రోజంతా మోగేది. ఎత్తితే ఏదో ఒక పార్టీ నాయకుడి రికార్డు చేసిన గొంతు. ‘అమ్మా, నమస్కారం’ అనగానే మా అమ్మ ‘నమస్కారం బాబూ, బాగున్నావా?’ అని, ఆయన ఆగేది లేకపోయినా, మా వీధి కాలువలో పూడిక గురించి చెప్పడం మొదలుపెట్టింది. ఆయన పథకాల గురించి, ఈవిడ కాలువ గురించి, ఇద్దరూ ఒకేసారి. ఫోను పెట్టేశాక ‘మాట బాగుంది కానీ మనిషికి వినే ఓపిక లేదు’ అని తీర్పు చెప్పింది. అది రికార్డు అమ్మా అని నేను చెబితే, ‘అయితే ఏమిటి, ఇంటికి వచ్చినప్పుడు మాత్రం విన్నారా?’ అంది. నా దగ్గర జవాబు లేకపోయింది.

పోలింగ్ ముగిసే సమయానికి ముందు 48 గంటలు ప్రచారం ఆపాలని 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం చెబుతుంది. ఎన్నికల్లో నాకు అన్నిటికంటే నచ్చే ఘట్టం అదే. మైకులు ఆగి, మా వీధిలో పాలవాడి సైకిల్ గంట కూడా వినిపిస్తుంది.

ఇదంతా చిన్న విషయమే కదా, నొక్కి పారేస్తే పోదా అని మా వారు అంటారు. నొక్కి పారేయడం అలవాటైపోవడమే నా భయం. ఈ పోరు పడలేక తెలియని నంబర్లు ఎత్తడం మా ఇంట్లో అందరం మానేశాం. కిందటేడు మా మరిది రైల్లో ఫోను పోగొట్టుకుని, పక్క సీటు ఆయన ఫోను అడిగి తీసుకుని మా అందరికీ చేశాడు. ఒక్కరమూ ఎత్తలేదు. అర్ధరాత్రి స్టేషను నుంచి ఆటోలో ఇంటికి వచ్చి, తలుపు కొట్టి, అందరినీ వరుసపెట్టి తిట్టాడు. తిట్టాల్సింది మమ్మల్ని కాదని మాకూ తెలుసు, అతనికీ తెలుసు.

సందేశాల సంగతీ అంతే. ప్రతినెలా దానంతటదే డబ్బు కట్ అయ్యే ఏర్పాటు ఉంటే, 24 గంటల ముందే మనకు చెప్పాలని రిజర్వు బ్యాంకు నియమం పెట్టింది. 2021 అక్టోబరు నుంచి అది అమల్లో ఉంది. చాలా మంచి నియమం. కానీ ఆ ఒక్క సందేశం చీరల తగ్గింపు, ఉచిత పళ్ల పరీక్ష, ముందే మంజూరైన అప్పుల మధ్య పడి ఉంటే ఎవరికి కనిపిస్తుంది? మా ఆఫీసుకు వచ్చేవారి బ్యాంకు ఖాతాలు చూస్తుంటే, వాడటం మానేసిన యాప్‌లకు నెలనెలా నూటయాభై, రెండువందలు పోతూ ఉంటాయి. అడిగితే, ‘అదింకా పోతోందా?’ అని ఆశ్చర్యపోతారు.

మీకు పనికొచ్చే మాట రెండు ముక్కలు చెప్పి ఆపుతాను. ప్రచార సందేశాలు, కాల్స్ ఆపమని 1909 నంబరుకు చెప్పవచ్చు. నాకు వ్యాపార కాల్స్ బాగా తగ్గాయి, పూర్తిగా పోలేదు. మా అమ్మకు కూడా అదే పెట్టించాను కానీ నాయకుల గొంతులు ఆగలేదు. 2025 మే నుంచి సంస్థలు పంపే ఎస్ఎమ్ఎస్‌లలో పంపినవారి పేరు చివర ఒక ఇంగ్లీషు అక్షరం ఉంటోంది. పీ ఉంటే ప్రచారం, ఎస్ ఉంటే సేవ, టీ ఉంటే లావాదేవీ, జీ ఉంటే ప్రభుత్వం. నేను పీ ఉన్నవి తెరవకుండానే తీసేస్తాను, టీ ఉన్నవి మాత్రం అదే రోజు చదువుతాను. మీ డబ్బు పంపే యాప్‌లో ఆటోపే అనే చోట, అంటే దానంతటదే డబ్బు కట్ అయ్యే ఏర్పాట్లు ఉండే చోట, ఏమేమి నడుస్తున్నాయో ఒకసారి చూడండి. అది తరచుగా ప్రొఫైల్ బొమ్మ నొక్కితే కిందెక్కడో ఉంటుంది. అక్కడ రద్దు చేసే బటన్ ఉంది.