కొత్తవారికి వాలెట్ అందించే ముందు

చిరంజీవి మేనల్లుడికి ఆశీస్సులు.

నీ బృందంలోని కొత్తవారికి బిట్‌కాయిన్ కోసం ఒక డెస్క్‌టాప్ వాలెట్ (తాళంచెవులను దాచి, డబ్బు పంపడానికీ అందుకోవడానికీ వాడే సాఫ్ట్‌వేర్) ఎంచి, అందరికీ నువ్వే పంచాలనుకుంటున్నట్లు రాశావు. ఎంపిక గురించి అంత తర్జనభర్జన అవసరం లేదు. పంచే పద్ధతి గురించే నువ్వు తక్కువ ఆలోచించావని నాకనిపించింది.

బిట్‌కాయిన్ కోర్ అనే వాలెట్ ప్రతి లావాదేవీనీ స్వయంగా సరిచూస్తుంది గానీ, మొదట్లోనే వందల గిగాబైట్ల డేటాను దింపుకోవలసి రావడంతో కొత్తవారు అక్కడే విసిగిపోతారు. 2011 నుంచి ఉన్న ఎలక్ట్రమ్ అనే వాలెట్‌కు ఆ భారం లేదు, దాని సోర్స్ కోడ్ బహిరంగం, డబ్బు ఖర్చుపెట్టే అధికారమిచ్చే రహస్య తాళంచెవులు వాడేవారి దగ్గరే ఉంటాయి. కాబట్టి దానితో మొదలుపెట్టించు. ఒక్క సంగతి మాత్రం ముందే చెప్పాలి. అది ఇచ్చే పన్నెండు సీడ్ పదాలు, అంటే వాలెట్ పోయినా దాన్ని తిరిగి తెరిపించే రహస్య పదాలు, చాలా వాలెట్లు వాడే బీఐపీ 39 అనే ప్రామాణిక పద్ధతివి కావు. ఏళ్ల తర్వాత వేరే వాలెట్‌లో టైపు చేసి, అది ఒప్పుకోకపోతే డబ్బు పోయిందని హడలిపోతారు. అందుకే పదాలు రాసిన కాగితం మీదే వాలెట్ పేరు కూడా రాయించు.

ఇక పంపిణీ. ఫైలును పెన్‌డ్రైవ్‌లో గానీ గ్రూపులో గానీ నువ్వు పంపవద్దు. పంపితే, రేపు నీ పేరుతో ఎవరు ఏ ఫైలు పంపినా వాళ్లు కళ్లు మూసుకుని తెరుస్తారు. అధికారిక సైటు చిరునామా మాత్రం ఇచ్చి, డౌన్‌లోడ్ చేసిన ఫైలు డిజిటల్ సంతకాన్ని (ఫైలు అసలు తయారీదారులదేనని రుజువు చేసే గుర్తును) సరిచూడడం నేర్పు. సైటు అసలుదైతే చాలదా అంటావేమో, చాలదు: 2019 నవంబరులో మొనెరో అనే మరో క్రిప్టోకరెన్సీ అధికారిక సైటులోనే నకిలీ ఫైళ్లు చేరాయి, ప్రకటించిన హ్యాష్‌తో (ఫైలు నుంచి లెక్కించే వేలిముద్ర లాంటి సంఖ్యతో) దించిన ఫైలు సరిపోలడం లేదని గమనించినప్పుడు గానీ ఆ సంగతి బయటపడలేదు. సంతకం సరిచూడడం మొదటిసారి నువ్వు చేసి చూపు, రెండోసారి వాళ్లచేత చేయించు.

అప్‌డేట్ కూడా పంపిణీయే అన్న సంగతి చాలామంది మరిచిపోతారు. 2018 చివర్లో మోసపు సర్వర్లు ఎలక్ట్రమ్ తెరమీదే అప్‌డేట్ చేసుకోమన్న సందేశాన్ని చూపించి, నకిలీ వాలెట్‌ను అంటగట్టి చాలామంది సొమ్ము కాజేశాయి. కనుక తెరమీద ఏం కనిపించినా, బుక్‌మార్క్ చేసుకున్న చిరునామా నుంచే అప్‌డేట్ దించుకోమని చెప్పు.

వాళ్లు సీడ్ పదాలు రాసుకునేటప్పుడు నువ్వు అటు తిరిగి కూర్చో; ఫోటో తీయనివ్వకు. పైసా కూడా వేయకముందే వాలెట్‌ను తొలగించి, ఆ కాగితం చూసి మళ్లీ తెరిపించు. తర్వాత చిన్న మొత్తం పంపించి చూడు. డబ్బు పంపడానికి కాపీ చేసిన వాలెట్ చిరునామాను మార్చేసే మాల్వేర్లున్నాయి కాబట్టి, అతికించాక మొదటి, చివరి అక్షరాలే కాక మధ్యవి కూడా పోల్చమను. దాచిపెట్టమని ఎవరు ఎంత బతిమాలినా, వాళ్ల పదాలు నీ దగ్గర ఉంచుకోకు.

ఇట్లు,
మీ మామయ్య