పాత దూలానికి ఎనామిల్ కొట్టొచ్చా?

ప్రశ్న: మా అమ్మాయి ఫిన్లాండులో ఉద్యోగం చేస్తోంది. పోయిన ఎండాకాలం మేం వెళ్ళినప్పుడు సముద్రం పక్కనున్న రౌమా అనే చిన్న ఊరు చూపించింది. వీధులకు వీధులు కొయ్య ఇళ్ళే, వాటిలోనే కాపురాలు, కొట్లు. మా తాతలనాటి మిద్దెలో మాత్రం రెండు టేకు దూలాలు మెత్తబడ్డాయి. మేస్త్రీ అయితే పడగొట్టి శ్లాబు వేసుకోండి, లేదా ఎనామిల్ కొట్టేయండి అంటున్నాడు. అక్కడ నిలిచిన కొయ్య ఇక్కడెందుకు నిలవదు?
– ఓ పాఠకుడు, చిత్తూరు

జవాబు: ముందుగా, అక్కడ చెదలు లేవండీ! ఆ చలికి అవి బతకవు, కాబట్టి పోలిక మొదలే మనకు నష్టం. అలాగని రౌమా కష్టాలు చూడలేదని కాదు, 1640లో ఒకసారి, 1682లో ఇంకోసారి ఊరు తగలబడింది, అయినా పాత వీధుల గీతల మీదే మళ్ళీ కట్టుకున్నారు. ఇప్పుడున్న 600 దాకా కట్టడాల్లో ఎక్కువ భాగం 18, 19 శతాబ్దాలవే, 1991లో యునెస్కో వాళ్ళు ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చారు.

అసలు కిటుకు కట్టడంలో ఉంది. రాతి పునాది మీద దుంగలు అడ్డంగా పేర్చి, మూలల్లో గాడి కోసి ఒకదాన్నొకటి పట్టుకునేలా చేస్తారు, సందుల్లో నాచు లాంటిది కూరి, బయట పలకలు కొడతారు. వాన పలకలకు తగులుతుంది, పలక పాడైతే పలకే మారుస్తారు, దుంగ జోలికి పోరు. అక్కడి పల్లెల్లో గోడలకు పూసే ఎర్ర రంగు కూడా తమాషాగా ఉంటుంది, స్వీడన్‌లోని ఫాలున్ రాగి గని ఎర్రమన్ను, రై అనే ధాన్యం పిండి, అన్నభేది, నీళ్ళు కలిపి మన రాగి జావ కాచినట్టు కాస్తారు, కొందరు కాస్త అవిసె నూనె కూడా పోస్తారు. అది పొరలా ఊడదు, పొడిగా రాలుతుంది, బ్రష్‌తో దులిపి మళ్ళీ పూయడమే. లోపలి తడి బయటికి పోతుంది.

మీ మేస్త్రీ చెప్పిన ఎనామిల్ సరిగ్గా దీనికి ఎదురు పని చేస్తుంది. కొయ్యలో తేమ 20 శాతం దాటితే బూజు పట్టి కుళ్ళు మొదలవుతుంది, పైన ఎనామిల్ మూత వేస్తే ఆ తడి ఎటు పోవాలి? పైకి నిగనిగ, లోపల పిండి.

మన మిద్దెల్లో దూలం సాధారణంగా మధ్యలో కాదు, గోడలో దూరిన కొనల దగ్గర పుచ్చుతుంది. స్క్రూడ్రైవర్‌తో అక్కడ పొడిచి చూడండి. దానికంటే ముందు మిద్దె పైన నీళ్ళు ఎక్కడ దిగుతున్నాయో పట్టుకోండి, కార్తీకం వానలకు ముందే, లేకపోతే దూలం మార్చినా దండగే. కొన మాత్రమే పోతే కింద సర్వీ కట్టెలు నిలబెట్టి, పుచ్చినంత కోసి, మంచి ముక్క అతికే వడ్రంగులు ఇంకా ఉన్నారు. గోడలో కొన చుట్టూ గాలి ఆడేంత సందు వదలమనండి. చెదల మందు వేరే వేయించాలి. పూతకు అవిసె నూనె పలచగా చాలు, కానీ నూనె తుడిచిన గుడ్డలు ఉండచుట్టి మూలన పడేయకండి, వాటంతట అవే వేడెక్కి అంటుకుంటాయి. పడగొట్టాలా వద్దా అనేది మేస్త్రీ కాదు, ఇంజనీరు దూలాలన్నీ చూసి చెప్పాలి.

ప్రశ్న: దూలానికి టేకు బదులు ఎర్రచందనం వేసుకుంటే? మన కొండల్లోదే కదా!
– ఓ పాఠకురాలు, తిరుపతి

జవాబు: అమ్మా, వద్దు. శేషాచలంలో పెరిగింది కదా అని ఇంటికి తెచ్చుకోవడానికి అది చింతకట్టె కాదు, కాగితాలు లేకుండా ముక్క దొరికినా కేసే. పడగొట్టిన ఇళ్ళ టేకు అమ్మే కొట్లకు వెళ్ళండి, ఏళ్ళ తరబడి ఆరిన కట్టె దొరుకుతుంది, మేకులు పీకించి తెచ్చుకోండి.