త్రిత్వం మీద మాట్లాడబోయే నానికి

చి. నానికి, అత్తయ్య ఆశీస్సులు.

యూత్ మీటింగ్‌లో త్రిత్వం మీద, అంటే తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ ఒక్క దేవుడే అన్న మన నమ్మకం మీద, నిన్నే మాట్లాడమన్నారట, అప్పట్నుంచీ నీకు నిద్ర లేదట. మీ అమ్మ ఫోన్లో చెప్పింది. టెన్షన్ పడకు. సికింద్రాబాద్‌లో ఏళ్ళ తరబడి సండే స్కూల్ చెప్పినదాన్ని కదా, నాకు తోచింది రాస్తున్నా.

ముందు ఆ నీళ్ళు, మంచు, ఆవిరి ఉదాహరణ పక్కన పెట్టెయ్. అది వింటే అందరూ తలూపుతారు, అదే చిక్కు. అదే నీరు ఒకసారి మంచు, ఇంకోసారి ఆవిరి. అంటే తండ్రే కొన్నాళ్ళు కుమారుడిగా, తర్వాత ఆత్మగా వేషం మార్చాడన్నట్టు అవుతుంది. మూడో శతాబ్దంలో సబెల్లియస్ అనే ఆయన బోధ అదే, సంఘం అప్పుడే కాదంది. దాని బదులు మత్తయి 3వ అధ్యాయం చివర తీయించు. యేసు యొర్దాను నీళ్ళలోంచి ఒడ్డుకొస్తున్నాడు, ఆత్మ పావురంలా దిగుతోంది, "ఈయనే నా ప్రియ కుమారుడు" అని ఆకాశం నుంచి స్వరం. ముగ్గురూ ఒకే సమయంలో కనబడుతున్నారు, వినబడుతున్నారు. వేషం మార్చే కథ అక్కడ నిలవదు.

కానీ మొదలుపెట్టడం మాత్రం ద్వితీయోపదేశకాండము 6:4తోనే. "మన దేవుడైన యెహోవా అద్వితీయుడగు యెహోవా." మన ఊళ్ళో ఇది మరీ అవసరం. ఆఫీసులో టోలీచౌకీ నుంచి వచ్చే ముస్లిం ఫ్రెండ్ "మీకు ముగ్గురు దేవుళ్ళా భాయ్?" అంటాడు. పక్క సీటాయన మంచి మనసుతోనే "మా త్రిమూర్తుల్లాగే కదా" అంటాడు. ఇద్దరితోనూ వాదన పెట్టుకోకు. మేం నమ్మేది ఒక్క దేవుణ్ణే అని చెప్పు. ఆ ఒక్క దేవుడే తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ అన్నది తర్వాతి మాట.

ఆ తర్వాత యోహాను 1:1, "వాక్యము దేవుడై యుండెను." అక్కడ వాక్యమంటే యేసే. శిష్యుడు తోమా తనతో "నా ప్రభువా, నా దేవా" అన్నప్పుడు యేసు వారించలేదని కూడా చూపించు. ఆత్మ అంటే ఏదో శక్తి అనేవాళ్ళుంటారు. వాళ్ళకు అపొస్తలుల కార్యములు 5 చాలు. అననీయ పరిశుద్ధాత్మతో అబద్ధమాడాడంటాడు పేతురు, ఆ వెంటనే నువ్వు దేవునితోనే అబద్ధమాడావంటాడు. శక్తితో ఎవరైనా అబద్ధమాడతారా?

ఒక్క వచనం జోలికి మాత్రం పోకు. కింగ్ జేమ్స్ ఇంగ్లీషు బైబిల్లో 1 యోహాను 5:7 చూస్తే తండ్రి, వాక్యం, పరిశుద్ధాత్మ ముగ్గురూ ఒక్కటే అని అచ్చంగా ఉంటుంది. చూడగానే ప్రాణం లేచొస్తుంది. ఆ మాటలు పాత గ్రీకు ప్రతుల్లో లేవు. గ్రీకు కొత్త నిబంధనను అచ్చువేయించిన పండితుడు ఎరాస్మస్ 1516, 1519 ముద్రణల్లో వదిలేసి 1522లో చేర్చాడు. మన తెలుగు బైబిల్లో అక్కడ ఆత్మ, నీళ్ళు, రక్తం మాత్రమే ఉంటాయి. ఎవరో ఒకరు ఫోన్లో పక్కపక్కన పెట్టి చూస్తే నీ మిగతా వచనాల మీద కూడా అనుమానం వస్తుంది.

"త్రిత్వం అన్న మాట బైబిల్లో లేదుగా" అంటే, లేదని ఒప్పుకో. దాన్ని సిద్ధాంతంగా మాటల్లో పెట్టింది తర్వాతి సంఘ పెద్దలే. కుమారుడు సృష్టించబడినవాడే అన్న ఏరియస్ బోధను 325లో వాళ్ళ నైసియా సభ తోసిపుచ్చింది, 381లో కాన్‌స్టాంటినోపుల్ సభ ఆత్మ గురించి ఇంకా వివరంగా చెప్పింది. సంగతి మాత్రం అంతకు ఎంతో ముందే పౌలు ఉత్తరంలో ఉంది. మన కుర్రాళ్ళు సగం కళ్ళు తెరిచి, చెప్పులెక్కడున్నాయో చూసుకుంటూ వినే ఆదివారం ఆశీర్వాదమే అది: "ప్రభువైన యేసుక్రీస్తు కృపయు దేవుని ప్రేమయు పరిశుద్ధాత్మ సహవాసమును..." 2 కొరింథీయులకు 13:14. అందరిచేతా గట్టిగా చదివించు.

"తండ్రి నాకంటె గొప్పవాడు" అని యేసే అన్న యోహాను 14:28ని వాళ్ళు అడిగేదాకా ఆగకు, నువ్వే ఎత్తు. పక్కనే ఫిలిప్పీయులకు 2:6, 7 పెట్టు. దేవుని స్వరూపం కలిగినవాడే దాసుని స్వరూపం ధరించాడు. ఆ తగ్గింపులో ఉండి అన్న మాటగా మన పెద్దలు దాన్ని చదివారు.

అరగంటకు మించకు, ప్రశ్నలకు టైం ఉంచు. కొలొస్సయులకు 1:15లో యేసును "ఆదిసంభూతుడు", అంటే మొదట పుట్టినవాడు, అన్న మాట గురించి ఎవరో ఒకరు అడుగుతారు. అది కాగితం మీద తేలేది కాదు, శనివారం సాయంత్రం ఇంటికి రా.

మీ అత్తయ్య