టెక్ సందేహాలు: గదంతా పట్టాలంటే ఏ లెన్స్?

ప్రశ్న: ఇంట్లో చిన్న గదిలో సంగీతం క్లాసులు చెబుతూ వీడియో కెమెరాతో రికార్డు చేస్తున్నాను. కెమెరాను గోడకు ఆనించి పెట్టినా అయిదుగురు పిల్లలూ ఫ్రేములో పట్టడం లేదు. ముందు బిగించుకునే వైడ్ యాంగిల్ లెన్స్ కొందామంటే 0.7, 0.5, 0.45 అని రకరకాలు కనిపిస్తున్నాయి. 0.45 తీసుకుంటే ఒకేసారి పనైపోతుంది కదా? తెలిసినవాళ్ళ దగ్గర 0.5 లెన్స్ అడిగి తెచ్చి తీసిన చిన్న వీడియో కూడా పంపుతున్నాను.

జవాబు: ఇదే ప్రశ్న మాటలు మార్చుకుని వస్తూనే ఉంది. అందరూ చివరికి 0.45 దగ్గరే ఆగుతున్నారు. మీరు మాత్రం వీడియో పంపి మంచి పని చేశారు. దాని సంగతి తర్వాత చెబుతాను. అసలు నన్ను కంగారు పెట్టింది అదే.

పర్సు తీసేముందు ఒకసారి మెనూ తీయండి. చెయ్యి వణుకు కనబడకుండా చేసే స్టెబిలైజేషన్‌లో రెండు రకాలున్నాయి. ఒకటి లెన్సులో గాజును కదిలిస్తుంది. రెండోది బొమ్మ అంచులు కత్తిరించి, మిగిలిన ముక్కను అటూ ఇటూ జరుపుతుంది. ఈ రెండోది ఆన్‌లో ఉంటే మీ కెమెరాకు ఉన్న వెడల్పే మీకు పూర్తిగా దక్కదు. ట్రైపాడ్ మీద పెట్టిన కెమెరాకు దాంతో పనేముంది? ఆపేయండి. కొన్ని కెమెరాలు 4కె మోడ్‌లో కూడా సెన్సారు మధ్య భాగాన్నే వాడతాయి. అలాంటిదైతే మామూలు హెచ్‌డీలో తీసి చూడండి. ఇవి రెండూ సరిచేశాక ఇక లెన్స్ కొనే పని లేదనుకున్నవాళ్ళున్నారు.

అప్పటికీ చాలకపోతే లెక్క వేద్దాం. లెన్స్ ఎంత వెడల్పు చూస్తుందో చెప్పేది ఫోకల్ లెంగ్త్ అనే మి.మీ. అంకె. అది తగ్గేకొద్దీ వెడల్పు పెరుగుతుంది. 0.7, 0.5 అనేవి దాన్ని గుణించే అంకెలు. మీ కెమెరా లెన్స్ వైడ్ చివర, అంటే జూమ్ పూర్తిగా వెనక్కి తెచ్చినప్పుడు, పాత 35 మి.మీ. ఫిల్ము కెమెరాల లెక్కలో 40 మి.మీ.కి సమానం అనుకోండి. మూడు మీటర్ల దూరంలో అది సుమారు 2.7 మీటర్ల వెడల్పు చూస్తుంది. 0.7 బిగిస్తే 28 మి.మీ. అవుతుంది, వెడల్పు 3.8 మీటర్లు దాటుతుంది. 0.5 అయితే 20 మి.మీ., 5.4 మీటర్లు. 0.45 అయితే ఆరు మీటర్లు. అయిదుగురు పిల్లలు పక్కపక్కన కూర్చుంటే మూడు మీటర్లు చాలు. గది వెడల్పే ఆరు మీటర్లు లేనప్పుడు అంత చూసే లెన్స్ ఏం చూపిస్తుంది? రెండు పక్కల గోడలు, పైకప్పు, మీ కాళ్ళ దగ్గర వైర్లు. పిల్లలేమో మధ్యలో చిన్న చిన్న బొమ్మల్లా మిగులుతారు. మీకు 0.7 చాలు. కెమెరా వైడ్ చివర ఇప్పటికే 28 మి.మీ. ఉంటే 0.7తో అది 20 దగ్గరికి వస్తుంది, గది లోపల అంతకు మించి అక్కర్లేదు.

అంకె తగ్గేకొద్దీ గాజు మీద భారం పెరుగుతుంది. ఈ అటాచ్‌మెంట్ పనిచేసే తీరు బైనాక్యులర్‌ను తిరగేసి చూసినట్టే ఉంటుంది. ముందు గాజు వెలుతురును విప్పుతుంది, వెనక గాజు దాన్ని సర్ది కెమెరా లెన్సుకు అందిస్తుంది. 0.7 వరకు ఈ సర్దుబాటు కాస్త సులువు. 0.45 దగ్గర తలుపు చట్రాలు పీపాలా ఉబ్బుతాయి, మూలలు మసకబారతాయి, నల్లటి జుట్టు అంచున ఊదారంగు గీత కనిపిస్తుంది. మంచి గాజుతో చేసినవి వీటిని చాలావరకు అదుపులో పెడతాయి కానీ అవి బరువుగా ఉంటాయి, ఖరీదూ అలాగే ఉంటుంది. తేలిగ్గా, చవగ్గా, 0.45గా, పైన బంగారు అక్షరాల్లో ‘హెచ్‌డీ’ అని రాసి ఉన్నది కనిపిస్తే ఆ హెచ్‌డీని నమ్మకండి. అది అచ్చు వేసినవాడి ఉత్సాహం తప్ప కొలత కాదు.

ఇప్పుడు అటాచ్‌మెంట్ బిగించే మర కొలత. దీన్ని తప్పుగా చదివి తప్పు లెన్స్ తెప్పించుకున్నవాళ్ళ ఉత్తరాలకు లెక్కలేదు. కెమెరా లెన్స్ చుట్టూ రెండు రకాల మి.మీ. అంకెలుంటాయి. ఒకటి ఫోకల్ లెంగ్త్, దానికి ముందు ఎఫ్ అక్షరం ఉంటుంది. మీకు కావలసింది సున్నాకు అడ్డగీత కొట్టినట్టుండే గుర్తు పక్కన ఉన్న అంకె: 30, 37, 43, 46, 52, 58 ఇలా. అదే ఫిల్టర్ మర వ్యాసం. కొన్ని కెమెరాలకు దీన్ని లెన్స్ మీద వేయరు, మాన్యువల్ చివరి పేజీలో ఎక్కడో దాస్తారు. ఈమధ్య చిన్న కెమెరాల్లో ముందు మూతే లోపల కట్టేసి, మర లేకుండా వదిలేస్తున్నారు. ఒక్క వరుస మర పెట్టడానికి ఏం అడ్డమొచ్చిందో!

అటాచ్‌మెంట్ మర కెమెరా మర కంటే పెద్దదైతే స్టెప్ అప్ రింగ్ పెట్టి బిగించొచ్చు, ఇబ్బంది లేదు. చిన్నదైతే మాత్రం రింగుతో సర్దుకోవాలని చూడకండి. మూలల్లో నల్లటి నీడ పడుతుంది. లెన్స్‌కు రక్షణగా ముందు బిగించే యూవీ ఫిల్టర్ గాజును తీయకుండా దానిమీదే బిగించినా అదే జరుగుతుంది. కొన్ని కెమెరాల చిన్న తెర అంచుల్ని పూర్తిగా చూపదు కాబట్టి ఈ నీడ వీడియో తీసేటప్పుడు కనబడదు, టీవీలో వేసినప్పుడు కనబడుతుంది.

ఇంకో మాట కొనేముందే అడగండి: జూమ్ మొత్తం పనిచేస్తుందా? జూమ్ చివరిదాకా ఫోకస్ నిలిచేవి ఉన్నాయి, సగం దాటగానే బొమ్మంతా పాలపొరలా అయిపోయేవీ ఉన్నాయి. మీరు వైడ్‌లోనే తీస్తారు కాబట్టి రెండో రకమైనా సర్దుకోవచ్చు. పాటలో మధ్యలో ఒక పిల్ల వేళ్ళ మీదికి జూమ్ చేస్తానంటే మొదటి రకమే కావాలి. రెండు ముక్కలుగా ఊడివచ్చేదైతే, వెనక ముక్క దగ్గరి వస్తువులు తీసే మాక్రో లెన్స్. ముందుది విప్పేసి అదొక్కటే ఉంచి ‘నా కెమెరా పాడైంది, దూరంవి ఏవీ ఫోకస్ కావడం లేదు’ అని రాసినవారు ఈ నెలలోనే ఇద్దరు. కెమెరా బాగానే ఉందండీ.

వెలుతురు తగ్గుతుందేమోనని భయం వద్దు. ముందు బిగించే వైడ్ అటాచ్‌మెంట్ ఎక్స్‌పోజర్‌ను చెప్పుకోదగ్గంతగా తగ్గించదు. మూలలు మెత్తగా వస్తుంటే, లెన్సులో వెలుతురు వచ్చే రంధ్రాన్ని, అంటే ఎపర్చర్‌ను ఎఫ్ 4, 5.6 మధ్య పెట్టి చూడండి. మెనూలో ‘కన్వర్షన్ లెన్స్’ అనే సెట్టింగ్ ఉంటే దాన్ని వైడ్‌కి మార్చండి. లేకపోతే పాత ఫోకల్ లెంగ్త్ లెక్కలోనే స్టెబిలైజర్ అతిగా సర్దబోయి, చేత్తో పట్టుకుని తీసినప్పుడు బొమ్మను ఊపుతుంది.

దుమ్ము గురించి మాత్రం నా సొంత అనుభవం చెప్పాలి. ఒకసారి పిల్లల నాటకం గంటసేపు తీశాను, 0.5 అటాచ్‌మెంట్‌తోనే. ఇంటికొచ్చి చూస్తే రాజుగారి ముఖం మీద గంటసేపూ ఒక చిన్న నూలుపోగు. కెమెరా కళ్ళజోడు పెట్టుకున్నట్టు దాన్ని అంత స్పష్టంగా చూపించింది. సెన్సారు చిన్నది, లెన్స్ వైడ్, ఇక దగ్గరి నుంచి దూరం దాకా అన్నీ ఫోకస్‌లోనే ఉంటాయి, గాజు మీది పోగుతో సహా. పైగా మామూలుగా తుడవాల్సిన ముఖం ఒకటే ఉన్న చోట అటాచ్‌మెంట్‌తో మరో రెండు చేరతాయి. వెనకవైపు గాజును తుడవడం అందరం మరిచిపోతాం. బిగించే ముందు దీపం కింద అడ్డంగా పట్టి చూడండి. అప్పుడే గాజు మెరుపు తగ్గించే పూత సంగతీ తెలుస్తుంది. గాజులో దీపం నీడ ఆకుపచ్చగానో ఊదాగానో కనిపిస్తే పూత ఉన్నట్టు. తెల్లగా మెరిస్తే కిటికీ ఎదురుగా తీసినప్పుడు బొమ్మంతా వెలిసిపోతుంది.

ఇక మీరు పంపిన వీడియో. పిల్లలు చక్కగా పాడారు. పద్నాలుగో సెకను దగ్గర ఆపి చూశాను. ఎడమ అంచున రౌటర్, దాని మీద వైఫై పేరు, పాస్‌వర్డ్ ఉన్న స్టిక్కర్. కుడి అంచున తలుపు పక్కన కొక్కేనికి తాళంచెవుల గుత్తి. వెనక గోడకు క్లాసుల పట్టిక, అందులో పిల్లల పేర్లు, ఏ రోజు ఎన్నింటికి వస్తారో, పక్కనే తల్లిదండ్రుల ఫోన్ నంబర్లు. మీ పాత లెన్స్ ఇవేవీ చూపలేదు. ఆ ఇరుకుదనమే ఇన్నాళ్ళూ మీకు తెలియకుండా కాపలా కాసింది.

అతిగా భయపెడుతున్నానని అనుకోకండి. తాళంచెవి సంగతే తీసుకోండి. శాన్ డియేగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పరిశోధకులు 2008లోనే ఫొటోలో కనిపించిన తాళంచెవి పళ్ళను బట్టి నకలు చేయడానికి కావలసిన కొలతలు రాబట్టి చూపించారు. ఒక ప్రయోగంలో కెమెరా ఉన్నది దాదాపు 60 మీటర్ల దూరంలో, ఒక భవనం పైకప్పు మీద. మీ గుత్తి ఉన్నది మూడు మీటర్ల దూరంలో, అదీ వీడియోలో, పది నిమిషాల పాటు. పిల్లల పట్టిక అంతకంటే పెద్ద ప్రమాదం. ఏ బిడ్డ ఏ రోజు ఎన్ని గంటలకు ఏ ఇంటికి వస్తుందో తెలిశాక, ఫోన్ నంబరూ చేతికొచ్చాక, ‘మీ పాప క్లాసు నుంచి మాట్లాడుతున్నాం’ అని నమ్మించడానికి ఇంకేం కావాలి?

బ్లర్ చేస్తానంటారేమో. మసకబార్చిన అక్షరాల్ని, గళ్ళు వేసిన అంకెల్ని తిరిగి లాగే పద్ధతులున్నాయి. వీడియోలోనైతే సెకనుకు 25, 30 ఫ్రేములు దొరుకుతాయి కాబట్టి ఆ పని ఇంకా తేలిక. కప్పాల్సి వస్తే నల్లటి పెట్టె పూర్తిగా మూసేలా పెట్టండి. అంతకంటే పట్టిక తీసేసి సొరుగులో పెట్టడమే తేలిక. లెన్స్ బిగించాక ముందుగా ఖాళీ గదిని పది సెకన్లు తీసి, పెద్ద తెర మీద ఆపి, నాలుగు అంచులూ, అద్దాలూ, వెలుగుతున్న మానిటర్లూ చూడండి. ఈ వైడ్ లెన్స్‌తో తీసిన వీడియో ఏదైనా ఇప్పటికే నెట్‌లోకి ఎక్కించి ఉంటే దాన్ని తీసేసినంత మాత్రాన సరిపోదు, ఎవరు దింపుకున్నారో తెలియదు. ఈరోజే వైఫై పాస్‌వర్డ్ మార్చండి. ఆ పిల్లల తల్లిదండ్రులకు విషయం చెప్పండి. ఇబ్బందిగానే ఉంటుంది, అయినా చెప్పాలి.

ప్రశ్న: ఫోనుకు క్లిప్‌తో పెట్టుకునే వైడ్ లెన్స్ కొన్నాను. ఒకోసారి పనిచేస్తుంది, ఒకోసారి ఏమీ తేడా ఉండదు. లెన్స్‌లో లోపమా?

జవాబు: లోపం లెన్స్‌ది కాదు, ఫోన్ తెలివితేటలది. వెనక రెండు మూడు కెమెరాలుంటాయి. మీరు క్లిప్ పెట్టింది ఒకదానికి. వెలుతురు తగ్గినా, వస్తువు దగ్గరికి జరిగినా ఫోన్ మీకు చెప్పకుండా ఇంకోదానికి మారిపోతుంది. సెట్టింగుల్లో దాన్ని ఆపే వీలుంటే ఆపండి, లేదంటే లెన్సును మీరే ఎంచుకోనిచ్చే యాప్ వాడండి. మీ ఫోనుకు విడిగా అల్ట్రావైడ్ కెమెరా ఉంటే అసలీ క్లిప్పే దండగ.

ఈ ‘చెప్పకుండా చేయడం’ అంటేనే నాకు ఒళ్ళు మండుతుంది. అప్‌డేట్ వస్తుంది, నిన్న ఉన్న బటన్ ఈరోజు మూడు మెనూల లోపలికి పోతుంది, ఆఫ్ చేసింది మళ్ళీ ఆన్ అవుతుంది. మీటింగులకు వాడే కొత్త కెమెరాలు ఇంకో మెట్టు ఎక్కాయి. మనిషి ఎటు కదిలితే ఫ్రేము అటు వస్తుంది. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. చాలావాటిలో కెమెరా కదలదు. వైడ్ లెన్స్ గదంతా చూస్తూ, మీ ముఖం ఉన్న ముక్కను మాత్రం కత్తిరించి చూపిస్తుంది. పక్కన మంచం మీద పడుకున్న పెద్దాయన ఫ్రేములో లేడని మీరు నిశ్చింతగా ఉంటారు. మీరు లేచి మంచినీళ్ళకు వెళ్ళగానే ఫ్రేము వెడల్పై ఆయన అందరికీ కనిపిస్తాడు. ఈ సదుపాయం ముందు ఆఫ్‌లో ఉండి, కావలసినవాళ్ళు ఆన్ చేసుకునేలా పెట్టాలని తయారుచేసినవాళ్ళకు ఎందుకు తోచదు? ప్రస్తుతానికి మీరే వెతికి ఆఫ్ చేయండి, వాడనప్పుడు లెన్స్ మీద మూత వేయండి.

ప్రశ్న: వైడ్ అటాచ్‌మెంట్ కెమెరాకు బిగుసుకుపోయింది. ఊడి రావడం లేదు.

జవాబు: గట్టిగా నొక్కి తిప్పకండి. నొక్కితే రింగు గుండ్రం పోయి ఇంకా బిగుస్తుంది. చుట్టూ వెడల్పాటి రబ్బరు బ్యాండు వేసి, అయిదు వేళ్ళతో సమానంగా, మెత్తగా పట్టుకుని తిప్పండి. ఈసారి బిగించేటప్పుడు ముందు వెనక్కి తిప్పండి. మర కుదురుకోగానే చిన్నగా ‘టిక్’ మంటుంది, అప్పుడు ముందుకు తిప్పండి. చాలావాటిలో కెమెరా వైపు మర ప్లాస్టిక్‌ది, అటాచ్‌మెంట్‌ది లోహం. వంకరగా ఎక్కితే అరిగిపోయేది కెమెరాయే.