స్టెంట్ వేశాక ద్రాక్ష గింజల క్యాప్సూళ్లు వాడొచ్చా?

ప్రశ్న: మాది పొదలకూరు దగ్గర పల్లె. మా నాన్నకు 62 ఏళ్లు, నిమ్మతోట చూసుకుంటారు. ఎనిమిది నెలల కిందట గుండెకు స్టెంట్ వేశారు. ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్, కొలెస్ట్రాల్ మాత్ర వాడుతున్నారు. తెలిసినాయన ఒకరు ద్రాక్ష గింజల సారం క్యాప్సూళ్లు ఇస్తే నెల రోజులుగా అవీ మింగుతున్నారు. వాటిలోని పాలీఫినాల్స్ అనే మొక్కల పదార్థాలు రక్తాన్ని పలచన చేస్తాయట, ఇక ఇంగ్లిష్ మందులు మానేస్తానంటున్నారు. ఈమధ్య పళ్లు తోముకుంటే చిగుళ్ల నుంచి రక్తం వస్తోంది. టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, నెల్లూరు జిల్లా

జవాబు: అమ్మా, ఆపాల్సింది ఆ క్యాప్సూల్‌ని, అదీ ఈరోజే. ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ మాత్రం డాక్టర్ చెప్పకుండా ఒక్క పూట కూడా మానకూడదు. స్టెంట్ అంటే రక్తనాళంలో పెట్టిన సన్నని లోహపు జాలీ. రక్తాన్ని గడ్డకట్టించే కణాలైన ప్లేట్‌లెట్లు దాని మీద పేరుకుని గడ్డ కట్టకుండా ఆ రెండు మాత్రలు కాపలా కాస్తున్నాయి. తొందరపడి మానేస్తే స్టెంట్ ఉన్నట్టుండి మూసుకుపోయి ప్రాణం మీదికి రావచ్చు.

చిగుళ్ల రక్తం ఆ రెండు మాత్రల వల్లే రావచ్చు, చిగుళ్ల జబ్బు వల్లా రావచ్చు. ద్రాక్ష గింజల సారం కూడా ప్లేట్‌లెట్ల పనిని కొంత తగ్గించగలదు కాబట్టి మూడూ కలిసి రక్తస్రావం పెంచుతున్నాయేమో చూడాలి. రెండు మూడు రోజుల్లో గుండె డాక్టర్‌ను కలవండి, క్యాప్సూళ్ల డబ్బా కూడా వెంట తీసుకెళ్లండి. సీబీసీ అనే రక్త పరీక్షతో హిమోగ్లోబిన్, ప్లేట్‌లెట్లు తెలుస్తాయి. మలం తారులా నల్లగా వచ్చినా, మూత్రంలో రక్తం పడినా, ఎప్పుడూ లేనంత తలనొప్పి వచ్చినా ఇక ఆగొద్దు, వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

పాలీఫినాల్స్ గురించి మీ నాన్నగారు విన్నదంతా అబద్ధం కాదు. నేరేడు పండు తింటే నాలుకకు అంటే ఊదారంగు, టీలో తగిలే వగరు, ఇవన్నీ వాటివే. ఇవి రక్తనాళాల లోపలి పొరలో నైట్రిక్ ఆక్సైడ్‌ను పెంచి, నాళాలు సడలడానికి తోడ్పడతాయి. 2022లో వెలువడిన అమెరికా అధ్యయనంలో 21 వేల మందికి పైగా పెద్దవాళ్లను రెండు గుంపులు చేసి, ఒక గుంపుకు రోజుకు 500 మిల్లీగ్రాముల కోకో ఫ్లేవనాల్స్ (కోకో గింజల్లోని పాలీఫినాల్స్), రెండో గుంపుకు ఉత్తుత్తి మాత్ర ఇచ్చి మూడున్నరేళ్లు గమనించారు. గుండె, రక్తనాళాల జబ్బులతో చనిపోయినవాళ్లు మొదటి గుంపులో 27 శాతం తక్కువ. కానీ గుండెపోటు, పక్షవాతం లాంటివన్నీ కలిపి లెక్కిస్తే గట్టిగా చెప్పగలిగినంత తేడా రాలేదు. పైగా అది మందులు మాన్పించి చేసిన పరీక్ష కాదు.

మీ నాన్నగారికి ఇంకో మాట చెప్పండి. మొక్క మందు మీదే నమ్మకమైతే, దాన్ని ఆయన రోజూ వేసుకుంటూనే ఉన్నారు. విల్లో చెట్టు బెరడు మీద జరిగిన పరిశోధన సాలిసిలిక్ యాసిడ్ దాకా వెళ్లింది. అదీ మొక్కల్లో ఉండే ఫినాలే, పాలీఫినాల్స్‌కు చుట్టమే. 1897లో దాని నుంచే ఆస్పిరిన్ తయారుచేశారు. ఆ చిన్న మాత్రలో ఎంత మందు ఉందో, ప్లేట్‌లెట్ మీద ఎన్ని రోజులు పనిచేస్తుందో మాకు తెలుసు. ఆ క్యాప్సూల్ గురించి అలా చెప్పలేం.

తిండి రూపంలో అయితే నాకు అభ్యంతరం లేదు. జామ, నేరేడు, ఉల్లిపాయ, మునగాకు, రాగి సంకటి, ఉప్పు వేయకుండా వేయించిన గుప్పెడు వేరుశనగలు ఎర్ర పొట్టుతోనే తిననివ్వండి. టీ మాత్రం అన్నం తిన్న వెంటనే వద్దు, గంట ఆగాలి. టీలోని ఫినాల్స్ తిండిలోని ఇనుము ఒంటికి పట్టకుండా అడ్డుపడతాయి. రక్తం పోతున్న మనిషికి అది నష్టం. మీ తోట నిమ్మకాయ ఇక్కడే పనికొస్తుంది. ఆకుకూర పప్పులో పిండితే అందులోని విటమిన్ సి ఇనుము పట్టేలా చేస్తుంది. దానికి బదులు నిమ్మకాయ ఊరగాయ మాత్రం వద్దు, దానిలో ఉప్పు ఎక్కువ.

చిగుళ్లను డెంటిస్టుకు చూపించేటప్పుడు స్టెంట్ సంగతి, మాత్రల పేర్లు ముందే చెప్పండి. పన్ను తీయాల్సి వస్తే మాత్రల విషయం గుండె డాక్టర్‌ను అడిగాకే తీయించుకోవాలి.